గాలికి దారి విడిచిన టమాటా మడి

నెల్లూరు నుంచి గూడూరు వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే మనుబోలు దగ్గర రెండు పక్కలా కనిపించేది వరే. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ జిల్లా ఇది. నారుమళ్ళు, నాట్లు, కోతలు తప్ప ఇక్కడి సేద్యానికి వేరే పంచాంగం లేదనిపిస్తుంది. టమాటా అంటే ఇక్కడివాళ్ళు కూడా మదనపల్లె పేరే చెబుతారు. అయినా ఊళ్ళ పక్కన కాస్త మెరక దొరికిన చోట, ఇంటి వెనక దొడ్డిలో, చేనిగట్టును ఆనుకుని, ఎరువు బస్తా గానీ మందు డబ్బా గానీ అడుగుపెట్టని టమాటా మడులు కనబడతాయి. ఐదు సెంట్లు, పది సెంట్లు, మహా అయితే ఇరవై. అలాంటి మడి పక్కన నిలబడితే కాయకంటే ముందు కంటబడేది ఖాళీ. ఇంత నేల ఎందుకు వదిలేశారా అనిపిస్తుంది. ఆ ఖాళీలో ఎంత పనితనం ఉందో చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రకృతి సేద్యం అనగానే అందరి చూపూ జీవామృతం పీపా మీదికి పోతుంది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ఈ పద్ధతిని ఊళ్ళలోకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాక బీజామృతం, జీవామృతం, నీమాస్త్రం రైతుల నోట నలిగాయి. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టుమన్ను కలిపి రెండు రోజులు మురగబెట్టాలని ఇప్పుడు ఏ ఊళ్ళో అడిగినా చెప్పేవాళ్ళుంటారు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరితో కలిసి పంచుకున్నాక ఈ కార్యక్రమం పేరు దేశం కూడా దాటింది. నేలకు ఏం తినిపించాలో ఇంత మాట్లాడుకున్నాం. మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఏ కొమ్మ ఉంచి ఏది తీయాలి అన్నది మాత్రం ఆ మడిలో పనిచేసేవాళ్ళ వేళ్ళలోనే ఉండిపోయింది. టమాటా వరకూ నన్నడిగితే, మందు లేకుండా పంటను గట్టెక్కించే పనుల్లో ముందు వరసలో ఉండేవి ఇవే.

ఎందుకంటే టమాటాకు తెగులు కింది నుంచి వస్తుంది. ఆకుమాడు తెగులు కలిగించే శిలీంధ్రం పోయినేటి చెత్తలో, మట్టిలో దాక్కుని ఉంటుంది. వాన చినుకు నేల మీద పడి చిమ్మినప్పుడు ఆ మట్టితోపాటే మొదటి జానెడు ఎత్తులో ఉన్న ఆకుల మీదికి ఎక్కుతుంది. అక్కడ ఆకు గంటల తరబడి తడిగా ఉంటే మొలుస్తుంది. ముదురు గోధుమరంగు మచ్చ, మచ్చలో వలయం లోపల వలయం, చుట్టూ పసుపు. అడుగాకుల్లో మొదలై మెట్టుమెట్టుగా పైకి పాకుతుంది. రసాయన సేద్యం చేసే రైతు మచ్చ కనబడ్డాక మాంకోజెబ్ కొట్టి ఆపగలడు. మందు వద్దనుకున్న రైతు చేతిలో ఉన్నది ఒకటే, ఆకును తొందరగా ఆరబెట్టడం. ఆకు ఆరాలంటే గాలి ఆడాలి. గాలి ఆడాలంటే నేల వదులుకోవాలి.

నెల్లూరు జిల్లాలో ఈ ఆరబెట్టడం మరీ కష్టమైన పని. ఈ జిల్లాకు పెద్ద వాన నైరుతిలో రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. రాష్ట్రంలో చాలా చోట్ల ఆకాశం తేటపడే నెలల్లో ఇక్కడ ముసురు. అందుకే కార్తీకంలో కప్పు కింద నారు పోసి, వాన తగ్గుముఖం పట్టాక, సుమారు 25 రోజుల నారును ఎత్తు మడుల మీద నాటుతారు. వాన పోయినా తడి పోదు, సంక్రాంతి మంచు మొదలవుతుంది. తెల్లవారేసరికి ప్రతి ఆకూ తడిసి ఉంటుంది. ఎడంగా నాటిన మడిలో బారెడు పొద్దెక్కేసరికి ఆ మంచు ఆరిపోతుంది. గుబురుగా పెరిగిన మడిలోకి చెయ్యి పెడితే పది గంటలకు కూడా లోపలి ఆకులు చేతికి తడి అంటిస్తాయి. ఆ రెండు మూడు గంటల తేడాలోనే తెగులు వచ్చేదీ రానిదీ తేలుతుంది.

ఇప్పుడు ఎడం లెక్క చూద్దాం. మామూలుగా టమాటాకు సాలుకూ సాలుకూ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ మధ్య 45 అంటారు. వానాకాలమైతే 60కి 60. సెంటు నేలను చదరపు మీటర్లలోకి మారిస్తే 40కి కాస్త ఎక్కువ. 60కి 45 లెక్కన సెంటుకు 150 మొక్కలు పడతాయి. నేను చూసిన మంచి మడుల్లో సాళ్ళ మధ్య 90, మొక్కల మధ్య 60 వదిలారు. అంటే సెంటుకు 75 మొక్కలే, సరిగ్గా సగం. కొత్తగా చూసేవాళ్ళకు సగం పంట వదులుకున్నట్టు కనబడుతుంది. కానీ ఆ రైతు మొక్కలను లెక్కపెట్టడం లేదు, కొమ్మలను లెక్కపెడుతున్నాడు. ఒక్కో మొక్కకు రెండే కొమ్మలు పైకి పోనిస్తాడు. 75 మొక్కలకు 150 కొమ్మలు. ప్రతి కొమ్మా నిటారుగా, ప్రతి గెలా వెలుగులో, ప్రతి ఆకుకూ అటూ ఇటూ గాలి. అదే 150 మొక్కలు నాటి విచ్చలవిడిగా పెరగనిస్తే మొక్కకు ఐదారు కొమ్మలు వేసి నేల మీద పరుచుకుంటాయి. ఎన్ని కొమ్మలు ఉంచాలో తేలకుండా ఎంత ఎడం వదలాలో తేలదు. అందుకే ఎడం వేరు, కత్తిరింపు వేరు అని పాఠం చెప్పేవాళ్ళతో నాకు పేచీ. నాటిన రోజు కొలతాడు పట్టుకున్నప్పుడే రైతు మూడు నెలల కత్తిరింపును కూడా మనసులో కొలిచేస్తాడు.

వరి రైతుకు ఈ ఆలోచన పరాయిది కూడా కాదు. దోమపోటు రాకుండా నాట్లలో ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలమని వ్యవసాయ శాఖ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. వదిలిన వాళ్ళకు దాని గుణం తెలుసు. దుబ్బుల మొదళ్ళకు గాలీ వెలుతురూ తగిలితే దోమకు అక్కడ కాపురం కుదరదు. మనుబోలు రైతు టమాటా మడిలో అంత చోటు ధైర్యంగా వదలగలగడానికి ఆ వరి చేలలో అలవాటైన చూపే కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సాళ్ళ దిక్కు కూడా ఊరికే పెట్టింది కాదు. తూర్పున సముద్రం ఎంతో దూరం లేదు. ఎండాకాలం మొదలయ్యాక మధ్యాహ్నం దాటితే అటునుంచి గాలి మళ్ళుతుంది. ఆ గాలి సాళ్ళకు అడ్డం పడకుండా వాటి వెంబడి నడిచిపోయేలా మడి వేసిన చోట్ల ఆకు ఆరడమే కాక పూత కూడా బాగా నిలుస్తుంది. టమాటా పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది, కానీ ఆ పుప్పొడి రాలాలంటే పువ్వు కదలాలి. గాలి ఊపాలి, లేదా తుమ్మెద వచ్చి ఝుమ్మంటూ పువ్వును అదిలించాలి. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయిన గుబురులో ఆ రెండిటికీ చోటుండదు.

కొమ్మ నిటారుగా పోవాలంటే ఊతం కావాలి. దానికి ఈ తీరంలో కొరత లేదు. ఇసుక నేలల్లో సరుగుడు తోటలు దండిగా ఉన్నాయి. బొటనవేలి లావు సరుగుడు కర్రలు మొక్క మొదలుకు నాలుగు వేళ్ళ దూరంలో, నారు నాటిన రోజో మర్నాడో పాతేస్తారు. ఆలస్యం చేస్తే కర్ర దిగేటప్పుడు వేళ్ళు తెగుతాయి. కట్టేది సుతిలి. ఆ కట్టు దగ్గరగా చూడదగ్గది. ముందు కర్రకు బిగించి ముడి వేస్తారు, తర్వాత అదే సుతిలిని ఎనిమిది అంకెలా మెలిపెట్టి కొమ్మ చుట్టూ వదులుగా తిప్పి వెనక్కి తెస్తారు. కర్రకూ కొమ్మకూ మధ్య సుతిలి మెలిక అడ్డుంటుంది కాబట్టి గాలికి ఊగినా ఒరుసుకోదు. లోపల ఒక వేలు దూరేంత వదులు. కొమ్మ లావెక్కినా కోసుకుపోదు. కట్టు ఎప్పుడూ ఆకు తొడిమ కిందే ఉంటుంది, గెల కింద ఉండదు. గెల కింద కడితే కాయ బరువుకు సుతిలి గెల కాడను కోస్తుంది.

కత్తిరింపు నాటిన రోజే మొదలవుతుంది. నారుమొక్క అడుగున ఉన్న రెండు ఆకులు గిల్లేసి, కాండాన్ని ఆ మేరకు మట్టిలోకి దించుతారు. టమాటా కాండం మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. పైన రెండు ఆకులు పోయాయి, కింద నాలుగు రోజుల్లో కొత్త వేళ్ళు వచ్చాయి. తర్వాత వరిగడ్డి. మనుబోలులో దానికి వెతుక్కోనక్కర్లేదు. నాలుగు వేళ్ళ మందాన పరిస్తే చినుకు మట్టిని తాకదు, మట్టి ఆకును తాకదు.

అసలు పని మొక్క మోకాలెత్తుకు వచ్చాక. ప్రతి ఆకుకూ కాండానికీ మధ్య పంగలో ఒక పక్కపిలక మొలుస్తుంది. వాటిలో దేన్ని ఉంచాలి? ఒక ఉదయం, మంచు ఆరాక, ఈ పనిలో చెయ్యి తిరిగిన ఒక పెద్దామె మడిలో సాలు వెంట నడుస్తుంటే వెనకే నడిచాను. ఆమె మొక్కను అడుగు నుంచి చూడలేదు. ముందు మొదటి పూగుత్తి ఎక్కడుందో చూసింది. ఎడమచేత్తో కాండాన్ని ఆ గుత్తి దగ్గర పట్టుకుంది. గుత్తికి సరిగ్గా కింద ఉన్న పంగలో పిలక అన్నిటికంటే బలంగా ఉంటుంది. దాన్ని బొటనవేలితో తాకి వదిలేసింది. «ఇది ఉండాల నాయనా, ఇదే రెండో కొమ్మ» అంది. ఆ కింద ఉన్న పిలకలన్నీ వరసగా పోయాయి. పిలకను రెండు వేళ్ళ మధ్య పట్టి ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచితే టక్కున ఊడివస్తుంది. లాగితే కాండం మీద తోలు చీరుతుంది, అందుకే లాగదు. «ఇప్పుడైతే గోటితో పోద్ది. వారం ఆగితే కత్తి కావాల.» చిటికెన వేలి పొడవు కూడా లేని పిలకలు అవి. వాటి గాయం మధ్యాహ్నానికి ఎండి పెచ్చు కడుతుంది.

ఒక మొక్క దగ్గర మాత్రం ఆగింది. లేత ఆకులు కొద్దిగా వాడినట్టున్నాయి. దాన్ని తాకకుండానే దాటేసి, సాలంతా అయ్యాక, చేతులు కడుక్కుని వచ్చి దాని సంగతి చూసింది. వాడుతెగులు కలిగించే బాక్టీరియా కత్తి మీదా గోటి మీదా ఎక్కి పక్క మొక్కకు పోతుంది. ఒక్క జబ్బు మొక్కను ముట్టుకున్న చేయి ఆ సాలులో మిగతా వాటన్నిటికీ అంటించగలదు. పొగాకు నలిపే అలవాటున్న కూలీని పిలకలు తీయడానికి పెట్టుకోకపోవడం కూడా ఈ జాగ్రత్తలోదే. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా టమాటాకు ఎక్కుతుంది. జిల్లా ఉత్తరాన, పక్కనే ప్రకాశంలో పొగాకు పండే చోట్ల ఈ సంగతి ఇంకా ముఖ్యం. సబ్బుతో చేతులు కడిగితే చాలు. ఇంత చిన్న పని ఎంత పంటను కాపాడుతుందో!

ఈ జిల్లా రైతుకు కొమ్మ తీయడం కొత్త విద్య కాదు. గూడూరు, పొదలకూరు నిమ్మతోటల్లో నీటికొమ్మలు తీయడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళే. కానీ నిమ్మలో నీటికొమ్మ కాయదు, కాబట్టి తీసేయడానికి మనసు అడ్డం రాదు. టమాటా పక్కపిలక కాస్తుంది. వదిలితే పూస్తుంది, కాయలు కూడా ఇస్తుంది. కాసే కొమ్మను పసితనంలోనే తీసేయాలంటే మిగిలిన రెండు కొమ్మల మీద నమ్మకం ఉండాలి. అన్నీ ఉంచితే కాయలు ఎక్కువే, కానీ గోలీల్లా చిన్నవి, సగం నీడలో, తెగుళ్ళ మధ్య. ఆ మనసును గెలిచినవాళ్ళ మడి చూడగానే తెలుస్తుంది.

అయితే ఏ రకం మొక్క అన్నది తెలియకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. పూసా ఎర్లీ డ్వార్ఫ్ లాంటి పొట్టి రకాల్లో ప్రతి కొమ్మా ఒక పూగుత్తితో ఆగిపోతుంది. ఆ కొమ్మలు తీస్తే తీసినంత పంటా పోయినట్టే. వాటికి మొదటి గుత్తి కింది పిలకలు, నేల తాకే ఆకులు మాత్రం తీసి వదిలేయాలి, ఎడం 60కి 45 చాలు. పూసా రూబీ లాంటివి పెరుగుతూనే పోతాయి. మూడు ఆకులకో గుత్తి వేస్తూ కొస సాగుతూనే ఉంటుంది. రెండు కొమ్మల పద్ధతి వీటికే. ఈ రెండు రకాలూ ఢిల్లీ భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చినవే, కానీ ఒకదానికి చేసిన వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

బయటి దేశాల పద్ధతులను కళ్ళు మూసుకుని తెచ్చుకోవడం దగ్గర కూడా జాగ్రత్త కావాలి. నెదర్లాండ్స్ గాజు ఇళ్ళలో టమాటాను ఒకే కొమ్మగా తాడు మీద ఎక్కించి, పండిన గెల కింది ఆకులన్నీ తీసి కాండాన్ని బోడిగా ఉంచుతారు. అక్కడ ఎండ తక్కువ, కాబట్టి ప్రతి కిరణమూ కాయకు తగలాలి. నెల్లూరు ఫిబ్రవరి చివరి ఎండకు ఆ పని చేస్తే కాయ భుజం మీద తెల్లటి ఎండమచ్చ పడుతుంది, ఆ చోట తోలు పలచబడి కుళ్ళుతుంది. అంతేకాదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారవదు. కాయ నారింజ రంగులో ఆగిపోతుంది. ఇక్కడ ప్రతి గెలకూ దాని పైన ఒక ఆకు గొడుగు. అందుకే అమెరికాలో మిస్సోరి కత్తిరింపు అని పేరున్న పద్ధతి మన ఎండకు బాగా నప్పుతుంది. గెల దగ్గరి పక్కపిలకను మొదలంటా తీయరు. దాన్ని రెండు ఆకులు వేయనిచ్చి, కొస మాత్రం గిల్లేస్తారు. కొమ్మ సాగదు, ఆ రెండు ఆకులు మాత్రం గెలకు నీడ పడతాయి. ఆ పద్ధతి పేరు తెలియకపోయినా, ఎండ ముదిరే కొద్దీ పడమటి వైపు పిలకలను ఇలా సగంలో ఆపేవాళ్ళను చూశాను. పడమటెండ ఎంత చేటో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అడుగాకుల విషయంలో ఈ నిగ్రహం ఇంకా బాగా కనబడుతుంది. నేల నుంచి అడుగు ఎత్తు దాకా కాండం బోడిగా ఉండాలి, కానీ అది ఒక్క రోజులో చేయరు. వారానికి రెండు మూడు ఆకులు, అవీ ముదిరి పసుపు తిరిగినవి ముందు. ఒకేసారి తీస్తే మొక్క తిండి తగ్గి పూత రాలుస్తుంది. ఆకుల్లో తెల్లగా, పలచగా వెడల్పాటి మచ్చలుంటే ఊజీ పురుగు, టూటా, లోపల ఉందన్నమాట. 2014లో మహారాష్ట్రలో కనబడి దేశమంతా పాకిన పురుగు ఇది. ఆ ఆకులు గంపలో విడిగా వేసి మడి బయట గోతిలో పూడ్చాలి. మిగతావి సాళ్ళ మధ్య గడ్డి కింద వేస్తారు. సాళ్ళ చివర బంతి మొక్కలు ఉంటాయి. 16 సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి అన్నది బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన లెక్క. కాయతొలుచు పురుగు తల్లి ఆ పూల మీదికి ఎగబడి గుడ్లు అక్కడే పెడుతుంది.

ఇంత పనికి మనుషులు కావాలి. 20 సెంట్లలో 90కి 60 ఎడంతో 1,500 మొక్కలు. ఒక్కో దాన్ని వారానికోసారి చూడాలి. ఎకరాల లెక్కన వేసేవాళ్ళు కర్రలు, తీగ, సుతిలి దాకా వెళ్తారు గానీ పిలకపిలకా చూడటం వాళ్ళకు గిట్టుబాటు కాదు. నాకు తోచినంతలో ఇది చిన్న మడి విద్య. రోజూ ఉదయం ఒక సాలు, రెండు సాళ్ళు చొప్పున వంతులు వేసుకుని చేసే ఇంటి పని.

మార్చి మొదటి వారంలో చివరి కత్తిరింపు ఉంటుంది. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి వేడి కూడా తగ్గకపోతే పూత నిలవదు. పువ్వు కాయై పండటానికి ఆరేడు వారాలు పడుతుంది. అందుకని అప్పటికి విచ్చుకున్న ఆఖరి గుత్తి పైన రెండు ఆకులు వదిలి, రెండు కొమ్మల కొసలూ గిల్లేస్తారు. ఇక పైకి పోవలసిన బలం ఉన్న కాయల్లోకి దిగుతుంది. నీళ్ళు తప్పకుండా, ఒకేలా పెడుతూ పోతే కాయ పగలదు, అడుగు నల్లబడదు. ఏప్రిల్ చివరికి కోతలు అయిపోతాయి. తెగులు లేని మొక్కలను నేల మట్టానికి కోసి వేళ్ళను మట్టిలోనే ఉంచేస్తారు, వాడిన వాటిని వేళ్ళతో సహా పీకి దూరంగా తగలబెడతారు. సరుగుడు కర్రలు మాత్రం అలాగే ఉంటాయి. ఆ కర్రల మొదట్లో అప్పటికే బీర గింజలు పెట్టి ఉంటాయి.